వెల్‌నెస్ ప్రోగ్రామ్: అడుగుల లెక్క, నమ్మకం లెక్క

విదేశాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్ళలో "వెల్‌నెస్ ప్రోగ్రామ్" అన్న మాట వినని వాళ్ళు బహుశా ఉండరు. జనవరి రాగానే హెచ్.ఆర్. నుంచి ఈమెయిల్ వస్తుంది. రోజుకి ఇన్ని అడుగులు నడిస్తే ఇన్ని పాయింట్లు, రక్తపరీక్ష చేయించుకుంటే ఒక గిఫ్ట్ కార్డు, జిమ్‌లో చేరితే ఫీజులో కొంత వాపసు. కొందరు ఉత్సాహంగా చేరతారు, కొందరు ఆ మెయిల్‌ని తెరవకుండానే తీసేస్తారు. కానీ ఈ ప్రోగ్రాముల వెనక ఉన్న సాఫ్ట్‌వేరు మన గురించి ఏం పోగేస్తుంది, అది ఎవరికి కనిపిస్తుంది, అసలు వీటివల్ల ఎవరి ఆరోగ్యమైనా బాగుపడుతుందా అన్న ప్రశ్నలు వేసుకునేవాళ్ళు తక్కువ.

నేను కువైట్‌లో ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. ఆ మధ్య ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ తమ ఉద్యోగుల కోసం ఇలాంటి ప్రోగ్రామ్ పెట్టాలనుకుని, దాని సాఫ్ట్‌వేర్ పని నాకు అప్పగించింది. ఆఫీసులో కూర్చునేవాళ్ళు కొద్దిమంది, ఎండలో సైట్ మీద పనిచేసేవాళ్ళు ఎక్కువమంది ఉన్న కంపెనీ అది. ఆ పనిలో తెలుసుకున్న సంగతులు మన పాఠకులకు పనికొస్తాయనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. అమెరికాలో ఉన్నా, ఆస్ట్రేలియాలో ఉన్నా ఇందులో చాలా భాగం మీకూ వర్తిస్తుంది.

ఈ ప్రోగ్రాములు పనిచేస్తాయా?

ముందు ఈ ప్రశ్న తేల్చుకుందాం. ఉద్యోగుల ఆరోగ్యం కోసం కంపెనీలు ప్రత్యేకంగా ఒక పథకం పెట్టడం కొత్తేమీ కాదు. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ 1970ల చివర్లోనే "లివ్ ఫర్ లైఫ్" అనే పేరుతో మొదలుపెట్టింది. ఆ తరవాత అమెరికాలో ఇదొక పెద్ద వ్యాపారమే అయింది. ఖర్చుపెట్టిన ప్రతి డాలరుకీ ఇన్ని డాలర్లు మిగులుతాయని అమ్మేవాళ్ళు చెప్పేవాళ్ళు, కొనేవాళ్ళు నమ్మేవాళ్ళు.

తరవాత కొన్ని గట్టి పరిశోధనలు వచ్చాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి మాత్రమే ప్రోగ్రామ్ ఇచ్చి చూశారు. తేలిందేమిటంటే, ఇలాంటివాటిలో చేరేవాళ్ళు అప్పటికే కాస్త ఆరోగ్యంగా, వైద్యఖర్చు తక్కువగా ఉన్నవాళ్ళు. అంటే చేరినవాళ్ళను చేరనివాళ్ళతో పోల్చి "చూశారా, మా ప్రోగ్రామ్ మహిమ" అని చూపించే గ్రాఫులన్నీ అసలు తేడాను వదిలేసి పైపై తేడాను లెక్కపెడుతున్నాయన్నమాట. అలాగే బీజేస్ హోల్‌సేల్ క్లబ్ అనే దుకాణాల కంపెనీలో 160 చోట్ల, సుమారు 33,000 మంది ఉద్యోగుల మీద చేసిన పరిశోధన 2019లో జామా పత్రికలో వచ్చింది. ఏడాదిన్నర తరవాత ప్రోగ్రామ్ ఉన్నచోట "మేం వ్యాయామం చేస్తున్నాం" అని చెప్పేవాళ్ళు పెరిగారు. కానీ రక్తపోటు, కొలెస్టరాల్, సెలవులు, వైద్యఖర్చు, వీటిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అయితే మొత్తానికే దండగ అనుకోవడానికీ లేదు. పెప్సికో కంపెనీ ప్రోగ్రామ్‌ని ఏడేళ్ళపాటు పరిశీలించిన ర్యాండ్ సంస్థవాళ్ళు 2014లో ఒక ఆసక్తికరమైన లెక్క చెప్పారు. ఆ ప్రోగ్రామ్‌లో రెండు భాగాలున్నాయి. అందరినీ నడవమనీ, బరువు తగ్గమనీ చెప్పేది ఒకటి. అప్పటికే మధుమేహం, గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్ళను వెంటపడి మందులు వేసుకునేలా, పరీక్షలకు వెళ్ళేలా చూసేది రెండోది. మొదటిదాని మీద పెట్టిన డాలరుకి తిరిగొచ్చింది 48 సెంట్లే. రెండోదాని మీద పెట్టిన డాలరుకి 3 డాలర్ల 80 సెంట్లు వచ్చాయి. అంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది అడుగుల పోటీ కాదు. జబ్బు ఉన్న మనిషిని గుర్తించి, అతనికి తోడుగా నిలబడటం.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

కువైట్ ఎండ, కువైట్ తిండి

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో ప్రచురించిన అట్లాసు ప్రకారం కువైట్‌లో 20 నుంచి 79 ఏళ్ళ వయసువాళ్ళలో 24.9 శాతం మందికి మధుమేహం ఉంది. ఆ జాబితాలో పాకిస్తాన్, ఫ్రెంచ్ పాలినేషియాల తరవాత స్థానం కువైట్‌దే. ఒక్క మధుమేహం కోసమే ఇక్కడ 2006లో దస్మాన్ డయాబెటిస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారంటే సమస్య ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. ఇక మన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం భారతదేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో తేలింది. మధుమేహానికి అనువైన శరీరంతో మధుమేహానికి అనువైన దేశానికి వచ్చి పడ్డాం. ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి, కారులోంచి ఏసీ మాల్‌లోకి తిరుగుతూ మధ్యలో చాయ్, సమోసా, షవర్మా.

ఎండ మాటకొస్తే, 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఆసియా ఖండపు రికార్డుగా ధ్రువీకరించింది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 గంటల నుంచి సాయంత్రం 4 గంటల వరకు ఆరుబయట పనిచేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. మంచిదే. కానీ అది గడియారం చూసి పెట్టిన నిబంధన, ఉష్ణోగ్రత చూసి పెట్టినది కాదు. 2015 నుంచి 2019 దాకా కువైట్ వేసవుల్లో నమోదైన పని గాయాలను విశ్లేషించిన ఒక పరిశోధన 2023లో వచ్చింది. మధ్యాహ్నం నిషేధం అమల్లో ఉన్నా, వేడి బాగా పెరిగిన రోజుల్లో గాయాలూ పెరుగుతున్నాయని అందులో తేలింది. ఉదయం పదిన్నరకైనా సాయంత్రం నాలుగున్నరకైనా ఎండ ఎండే కదా!

ఈ పరిస్థితుల్లో ఎవరో చలిదేశంలో తయారుచేసిన "రోజుకి పదివేల అడుగులు" ప్రోగ్రామ్‌ని తెచ్చి జూన్ నెలలో మొదలుపెడితే ఏమవుతుంది? అన్నట్టు, ఆ పదివేల సంఖ్య డాక్టర్లు తేల్చినది కాదు. 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. దాని పేరుకి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం. వయసు మళ్ళిన స్త్రీల మీద 2019లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 4,400 అడుగుల దగ్గరే మేలు స్పష్టంగా కనబడింది. 7,500 దాటాక అదనపు మేలు కనబడలేదు.

తెచ్చిపెట్టుకున్న సాఫ్ట్‌వేరు

కంపెనీవాళ్ళు కొన్న ప్యాకేజీని విప్పి చూస్తే మార్చాల్సినవి బోలెడు కనిపించాయి. మచ్చుకి కొన్ని చెబుతాను.

వారం: ప్యాకేజీ ప్రకారం పనివారం సోమవారం నుంచి శుక్రవారం దాకా. ఇక్కడ 2007 నుంచి శుక్ర, శనివారాలు సెలవు. సెలవురోజు పొద్దున్నే "లేచి కాస్త ఒళ్ళు వంచండి, పనిలో మునిగిపోయారు" అని మెసేజి వస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

రంజాన్: ఆ నెలలో పనిగంటలు తగ్గుతాయి, నిద్ర వేళలు మారిపోతాయి. ఉపవాసం ఉన్నవాళ్ళకి మధ్యాహ్నం రెండింటికి "నీళ్ళు తాగారా?" అని గుర్తుచేయడం మర్యాద కాదు. పైగా మధుమేహం మందులు వేసుకునేవాళ్ళు ఉపవాసం మొదలుపెట్టకముందే డాక్టరుతో మాట్లాడాలి. అంటే ఆ హెచ్చరిక రంజాన్‌కి కొన్ని వారాల ముందే వెళ్ళాలి. కాబట్టి హిజ్రీ క్యాలెండరు కూడా కలపాల్సి వచ్చింది.

కొలతలు: మన ఊళ్ళో షుగర్ "నూట నలభై" అంటారు. ఇక్కడ చాలా ఆసుపత్రుల రిపోర్టుల్లో అదే "ఏడు పాయింట్ ఎనిమిది" అని ఉంటుంది. ఒకటి మిల్లీగ్రాముల లెక్క, ఇంకోటి మిల్లీమోల్స్ లెక్క. రెంటికీ మధ్య తేడా 18 రెట్లు. ప్రమాణం రాయకుండా ఒట్టి అంకె మాత్రమే దాచే డేటాబేస్ ఫీల్డు ఇలాంటిచోట ప్రమాదం. అందుకని ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం తప్పనిసరి చేశాం.

బీఎంఐ: ప్యాకేజీలో 25 దాటితేనే అధిక బరువు. కానీ ఆసియావాసులకు 23 దగ్గరనుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే సూచించారు. 25 అన్న ఒక్క అంకెను కోడ్‌లో పాతేస్తే, చిన్న బొజ్జతో 24 దగ్గర ఉన్న తెలుగు ఇంజనీరుకి "మీరు భేషుగ్గా ఉన్నారు" అని పచ్చరంగు చూపిస్తుంది.

భాష: తెలుగు, హిందీ, మలయాళం, బెంగాలీ, అరబ్బీ భాషల్లో తెరలు తయారుచేశాం. సైటు మీద పనిచేసేవాళ్ళలో చదవడం కష్టమైనవాళ్ళూ ఉంటారు కాబట్టి ముఖ్యమైన సందేశాలు గొంతు రికార్డు చేసి పెట్టాం.

ఇవన్నీ చేశాక, ఇక అంతా సాఫీగా సాగుతుందనే కంపెనీవాళ్ళు అనుకున్నారు. పేర్లివ్వమని నోటీసు పెడితే, ఆఫీసువాళ్ళు కొందరు ఇచ్చారు. సైటు నుంచి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

"ఆడి నుంచి యాడికి పోతాది?"

కారణం నాకు చెప్పింది రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక ఫోర్‌మన్. పదిహేనేళ్ళకు పైగా ఇక్కడున్న మనిషి. "సారూ, ఆ రగతం రిపోర్టు మీ కంప్యూటర్లోకి పోతాది గదా. ఆడి నుంచి యాడికి పోతాది?" అని అడిగాడు. నేను ఎన్‌క్రిప్షన్ గురించి చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "దొంగోళ్ళ సంగతి కాదు సార్, మేనేజరు సంగతి చెప్పండి" అన్నాడు.

ఎంత సరైన ప్రశ్నో చూడండి. గల్ఫ్‌కి రావాలంటే ముందు మన దేశంలోనే మెడికల్ పాసవ్వాలి. ఒకప్పుడు గామ్కా అనేవాళ్ళు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. వచ్చాక ఇక్కడా పరీక్షలుంటాయి. క్షయ, హెచ్.ఐ.వి., హెపటైటిస్ లాంటివి బయటపడితే "అన్‌ఫిట్" ముద్ర వేసి వెనక్కి పంపిస్తారు. అంటే సగటు కార్మికుడి అనుభవంలో రక్తపరీక్ష అనేది వైద్యం కోసం చేసేది కాదు, ఉంచాలో పంపాలో తేల్చడానికి చేసేది. పైగా ప్రైవేటు ఉద్యోగి రెసిడెన్సీ, అంటే ఇక్కడ అందరూ అనే "18 నంబరు వీసా", కంపెనీ పేరు మీదే ఉంటుంది. జీతమిచ్చేదీ, వీసా ఇచ్చేదీ, ఇప్పుడు షుగర్ చూస్తాననేదీ ఒకరే. ఊళ్ళో అప్పు తీరకుండా, కూతురి పెళ్ళి కాకుండా ఉన్న మనిషి తన జబ్బు సంగతి ఎందుకు బయటపెడతాడు?

2020లో కరోనా రోజుల్లో ఇక్కడివాళ్ళకి ఇలాంటి అనుభవం ఇంకొకటి ఉంది. క్వారంటీన్‌లో ఉన్నవాళ్ళ కోసం "ష్లోనిక్" అనే యాప్ తెచ్చారు. ఆ అరబ్బీ మాటకి "ఎలా ఉన్నావు?" అని అర్థం. ఆప్యాయమైన పేరే. కానీ మనిషి ఎక్కడున్నాడో ఎప్పటికప్పుడు సర్వరుకు చేరవేసే తీరువల్ల, అంతరంగిక విషయాలకు అత్యంత ప్రమాదకరమైన కరోనా యాప్‌లలో ఒకటిగా దాన్ని ఆ ఏడాది జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పేర్కొంది.

ఇప్పుడు పెప్సికో లెక్కను మళ్ళీ గుర్తుచేసుకోండి. ఫలితం వచ్చేది జబ్బున్నవాళ్ళ దగ్గర. భయపడి దాక్కునేదీ వాళ్ళే. నమ్మకం లేకపోతే ప్రోగ్రామ్‌లో మిగిలేది ఎలాగూ ఆరోగ్యంగా ఉన్న ఆఫీసు కుర్రాళ్ళే.

తెర వెనక చేసిన మార్పులు

కంపెనీ మేనేజరు మొదట అడిగింది "హై రిస్క్" ఉద్యోగుల పేర్ల జాబితా. ఆయన దుర్మార్గుడేమీ కాదు. "తెలిస్తేనే కదా సాయం చేసేది" అన్నాడు. నేను నీతుల జోలికి పోకుండా ఒకటే చెప్పాను: పేర్ల జాబితా కావాలంటే ఖాళీ జాబితా వస్తుంది. ఉద్యోగుల సొంత వివరాల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. వాటి సారం తీసుకుని మూడు మార్పులు చేశాం.

ఒకటి, డేటాబేసును రెండుగా విడగొట్టాం. వైద్య వివరాలు బయటి క్లినిక్ దగ్గర, వాళ్ళ సర్వరులోనే ఉంటాయి. కంపెనీ నెట్‌వర్క్ నుంచి దానికి దారి లేదు. హెచ్.ఆర్. డేటాబేసులో ఉద్యోగి నంబరుంటుంది, క్లినిక్‌లో వేరే నంబరుంటుంది. రెంటినీ కలిపే పట్టిక డాక్టరు అధీనంలోనే ఉంటుంది. కంపెనీ ఐటీ అడ్మినిస్ట్రేటరుకి కూడా కనబడదు.

రెండు, కంపెనీకి వెళ్ళే రిపోర్టుల్లో మొత్తం లెక్కలే తప్ప మనుషులుండరు. ఇది వినడానికి తేలిక, చేయడం కష్టం. "క్రేన్ ఆపరేటర్లు, తెలుగువాళ్ళు, 55 దాటినవాళ్ళు" అని వడపోస్తే మిగిలేది ఒక్కడే. పేరు లేకపోయినా పేరున్నట్టే. అమెరికాలో లటన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990లలో, పేర్లు తీసేసిన ఆసుపత్రి వివరాల్లోంచి మసాచుసెట్స్ గవర్నరు రికార్డును పుట్టినతేదీ, పిన్‌కోడు, లింగం ఆధారంగా పట్టుకుని చూపించింది. ఆవిడే తరవాత "కె-అనానిమిటీ" అన్న పద్ధతిని ప్రతిపాదించింది. దాని ప్రకారం ప్రతి గుంపులోనూ కనీసం ఇంతమంది ఉండాలి. మేం పది పెట్టుకున్నాం. పదికి తక్కువైతే ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. గత నెల 14, ఈ నెల 13 అని చూపిస్తే, మధ్యలో ఉద్యోగం మానేసిన మనిషికి షుగర్ ఉందని ఎవరైనా చెప్పేయగలరు. అందుకని నెలవారీ రిపోర్టు తీసేసి మూడు నెలలకొకటి చేశాం, అంకెలను అయిదుకి సవరించాం.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. క్రేన్ నడిపేవాడికి ఉన్నట్టుండి షుగర్ పడిపోతే కింద ఉన్నవాళ్ళ ప్రాణాలు పోతాయి. ఇక్కడ "అది అతని సొంత విషయం" అంటే కుదరదు. మేనేజరు ఈ మాట అన్నప్పుడు నా దగ్గర తయారుగా జవాబు లేదు. క్లినిక్ డాక్టరుగారే దారి చూపించారు. ఇలాంటి ఉద్యోగాల విషయంలో డాక్టరు కంపెనీకి మూడు మాటల్లో ఒకటే చెబుతారు: "పనికి తగును", "ఈ షరతులతో తగును", "ప్రస్తుతానికి తగడు". జబ్బు పేరు చెప్పరు. సిస్టమ్‌లో ఆ ఫీల్డుకి ఆ మూడు విలువలే ఉంటాయి. వివరాలు రాసుకునే ఖాళీ పెట్టె కావాలని లేకుండా చేశాం. ఖాళీ పెట్టె ఉంటే ఎవరో ఒకరు జబ్బు పేరు రాస్తారు.

మరి "ప్రస్తుతానికి తగడు" అన్న మనిషి గతేమిటి? ఇది సాఫ్ట్‌వేరు తేల్చే విషయం కాదు. అలాంటివాళ్ళకి మూడు నెలలపాటు అదే జీతంతో వేరే పని ఇస్తామని కంపెనీ రాసి సంతకం పెట్టింది. నాలుగో నెల సంగతి ఆ కాగితంలో లేదు. ఎంత అడిగినా రాయలేదు. ప్రోగ్రామ్‌లో చేరేముందు ఈ విషయం కూడా అందరికీ వాళ్ళ భాషలో చదివి వినిపించాలని మాత్రం ఒప్పించగలిగాం. ఆ కాగితం చదివి వినిపించాక సైటు నుంచి జనం రావడం మొదలైంది. అందరూ కాదు. కానీ క్లినిక్ ముందు శుక్రవారం పూట వరస కనబడింది.

మరి ఆఫీసువాళ్ళ సంగతి?

ఇదంతా సైటు మీద పనిచేసేవాళ్ళ గొడవ, మనకేమిటి అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం వచ్చే అవకాశం 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే అవకాశం 17 శాతం ఎక్కువ. 2016లో ఇలా పోయినవాళ్ళు 7 లక్షల 45 వేల మంది అని అంచనా.

కువైట్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ మనిషి రోజు చూడండి. హైదరాబాద్ టీమ్‌కి పొద్దున తొమ్మిదంటే మనకి ఆరున్నర. న్యూయార్క్ వాళ్ళకి పొద్దున తొమ్మిదంటే మనకి సాయంత్రం నాలుగో అయిదో. ఆదివారం మనకి పని, శుక్రవారం వాళ్ళకి పని. వెరసి వారానికి ఆరు రోజులూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. 2010 నాటి కువైట్ కార్మిక చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంటుంది. వరసగా 5 గంటలు దాటి పని చేయించకూడదని, మధ్యలో కనీసం గంట విరామం ఇవ్వాలని కూడా అంటుంది. ఆ గంట మీ క్యాలెండరులో ఉందా?

ఆఫీసువాళ్ళ కోసం ఆ కంపెనీలో పనికొచ్చినవి చాలా మామూలు సంగతులు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మీటింగులు పెట్టడానికి వీల్లేకుండా క్యాలెండరులో తాళం వేయడం. అరగంట మీటింగుని 25 నిమిషాలకు కుదించడం. రాత్రి ఆన్‌కాల్ చేసినవాళ్ళు మర్నాడు ఆలస్యంగా రావచ్చని రాతపూర్వకంగా చెప్పడం. పోటీలు, పతకాలు, లీడర్‌బోర్డులు తీసేశాం. ఎప్పుడూ గెలిచేది ఆ ముగ్గురే, మిగతావాళ్ళకి అది చూస్తే చిరాకు.

మీ కంపెనీని అడగాల్సినవి

మీ ఆఫీసులో ఇలాంటి ప్రోగ్రామ్ పెడుతుంటే చేరండి, తప్పక చేరండి. ముఖ్యంగా 35 దాటిన తెలుగువాళ్ళు ఏడాదికోసారైనా షుగర్, బీపీ చూపించుకోవడం అవసరం. కానీ చేరేముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. నా వివరాలు ఎవరి సర్వరులో ఉంటాయి, మా మేనేజరుకి ఏమేం కనిపిస్తాయి? రిపోర్టుల్లో ఒక్కో గుంపులో కనీసం ఎంతమంది ఉంటారు? నేను ఉద్యోగం మానేస్తే నా వివరాలు ఎన్నాళ్ళకి చెరిపేస్తారు? ఏదైనా జబ్బు బయటపడితే నా ఉద్యోగానికి రాతపూర్వకంగా ఏం హామీ ఇస్తారు?

ఒకవేళ ఆ సాఫ్ట్‌వేరు రాసే టీములో మీరే ఉంటే, ఈ ప్రశ్నలు ఎవరూ అడగకముందే జవాబులు తయారుచేయండి. అడిగే ధైర్యం అందరికీ ఉండదు. అడగలేనివాళ్ళకే ఆ ప్రోగ్రామ్ అవసరం ఎక్కువ.